ఎడమ అంచున కుట్టిన కాజా

మా బావకి గుండుసూదులు నోట్లో పెట్టుకుని మాట్లాడే అలవాటు. దర్జీలందరికీ ఉండేదే, కాదనను. కానీ ఆయన వాటిని తుడవకుండా నోట్లోంచి తీసి తిన్నగా కోటు కాలరుకి గుచ్చుతాడు. తడిగా మెరుస్తూ దిగుతాయి. నేను ఆ కొట్లో ఇస్త్రీ బల్ల దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా నిలబడ్డాను. వేడి పెట్టె కాలరు మీద పెట్టగానే ఆవిరి లేచేది, ఆ ఆవిరిలో మా బావ నోరు నా ముక్కుకి తగిలేది. పొద్దున తాగిన టీ, పుచ్చిన పన్ను, అన్నీ. నా బతుకు గురించి ఎవరైనా అడిగితే ఆ వాసనే చెప్పాలి.

కొట్టు ఆయనది, బోర్డు మీద పేరూ ఆయనదే. ఆయన కత్తిరిస్తాడు, నేను ఇస్త్రీ చేస్తాను. కోటుకి కాజాలు కుట్టేది మా అక్క. బట్టకి గాటు పెట్టి, ఆ గాటు అంచు చుట్టూ మైనం పూసిన పట్టుదారంతో ముడి పక్కన ముడి వేసుకుంటూ వెళ్ళాలి. మిషను మీదా కుడతారు గాని, అవి నాలుగు ఉతుకులకి పీచు లేస్తాయి. అక్క కుట్టిన కాజా కోటు చిరిగిపోయినా చిరగదు. ఊళ్ళో పెద్ద కోట్ల వాళ్ళు మా కొట్టుకి వచ్చేది దానికోసమే. వచ్చినవాళ్ళతో బావ "నా చెయ్యండీ" అనేవాడు. వెనక కర్రబల్ల మీద తల వంచుకుని కూర్చున్న అక్క తల ఎత్తేది కాదు. జీతం మాటే లేదు. ఇంటిమనిషికి జీతమేమిటని బావ, బావ నోటికి ఎదురేమిటని అక్క.

ఆ తర్వాత ఆమె కళ్ళు పోవడం మొదలయింది. ఒక్కసారిగా కాదు. ముందు నల్ల గుడ్డ మీద నల్ల దారం పోయింది. కోటు పట్టుకుని నా బల్ల మీది బల్బు కిందకి వచ్చేది. "ఇక్కడ గాలి బాగుందిరా" అనేది. ఇస్త్రీ బల్ల దగ్గర గాలి. నేనూ అవునక్కా అనేవాణ్ణి. కంటి ఆసుపత్రిలో గోడ మీది పెద్ద అక్షరాలు చదివించి, అద్దాలు పెట్టుకుంటే చదువుతోంది కాబట్టి బాగానే ఉందని కాగితం రాసిచ్చారు. గోడ మీద తెల్ల అట్ట, నల్ల అక్షరం. కోటు గుడ్డ అలా ఉండదు కదా. ఆ కాగితం వచ్చాక చూపు ఇంకా తగ్గింది.

బావ అంతా కనిపెట్టాడు. నోటితో ఏమీ అనలేదు. కాజాలు కుట్టే మిషనొకటి కొన్నాడు, ఆడవాళ్ళ కోట్లు కూడా కుట్టడం మొదలుపెట్టాడు. పనివాళ్ళని పెట్టాడు. తర్వాత అక్క మాటకి విసుక్కోవడం, ఆమె పెట్టిన కంచం ముందునుంచి లేచిపోవడం. రెండో మనిషి ఉందేమోనని నేను చాలా వెతికాను. ఉంటే కనీసం ఇదీ సంగతి అని సరిపెట్టుకునేవాణ్ణి. ఎవరూ లేరు. అరిగిన కత్తెరని సాన పట్టించుకుంటాడు గాని, అరిగిన మనిషికి తిండి పెట్టడం ఆయనకి నచ్చలేదు, అంతే. ఒకరోజు అక్క బట్టలు రెండు సంచుల్లో సర్ది కొట్టు మెట్ల మీద పెట్టాడు. చక్కగా మడతపెట్టి మరీ పెట్టాడు. దర్జీ కదా.

అక్క కూతుర్ని తీసుకుని ఒక మేడ మీద ఒంటిగది అద్దెకి తీసుకుంది. పిల్ల ఇంకా చదువుకుంటోంది. భరణానికి, పిల్ల ఖర్చులకి అక్క కోర్టుకెళ్ళింది. బావ తన జవాబులో రాయించింది ఇదీ: ఆమె మంచి పనిమంతురాలు, ఏ కొట్టుకెళ్ళినా సంపాదించుకోగలదు, ఆమెకి నేనేమీ ఇవ్వక్కర్లేదు. ఆడపిల్ల ఒంటిగదిలో ఉండటం బాగోదు కాబట్టి పిల్లని నాకు అప్పగించండి, నేనే చదివిస్తాను. పిల్ల మీద ప్రేమ కారిపోయి కాదు. పిల్ల తన దగ్గరుంటే నెలనెలా ఎవరి చేతిలోనూ ఏమీ పెట్టనక్కర్లేదు. పిల్ల మాత్రం, "అక్కడికి పంపితే చదువు మానేస్తా మావయ్యా" అంది. అంటే అక్కకి భరణం వస్తే పిల్ల తల్లి దగ్గరుంటుంది, రాకపోతే ఆ గది అద్దె కట్టే దారి లేదు.

నేను ఇంతా తెలిసి అదే కొట్లో ఇస్త్రీ చేస్తున్నాను. చదువా లేదు, బడి మానేసిన నాటినుంచి చేతికి ఆ పెట్టె తప్ప ఇంకోటి పట్టడం రాదు. మానేస్తానంటే అక్కే వద్దంది. "ఇద్దరం ఒకేసారి రోడ్డున పడితే ఆయనకి పండగలా ఉంటుంది. తేలేదాకా ఉండు" అంది. ఉన్నాను. పొద్దున్నే వెళ్ళి, ఆయన ఉమ్మి మీద పెట్టె తిప్పి, సాయంత్రం అక్కతోపాటు వకీలు దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

తీర్పుకి ముందు కోర్టు కౌన్సెలింగ్ మేడమ్ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి, రిపోర్టు పంపిస్తుందన్నారు. జడ్జిగారు దాన్నే చూస్తారట. మా వకీలు అక్కకి ముందే చెప్పాడు.

"మీకు చూపు ఆనడం లేదని చెప్పండమ్మా. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని చెప్పండి. ఆ ఒక్క మాట చాలు."

"ఎక్కించలేనని నేను చెప్పాలా?"

"నిజమే కదమ్మా."

"ఎక్కించగలను," అంది అక్క. "దానికి కళ్ళెందుకు?"

వకీలు నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను. ఆ క్షణాన మా అక్క మీద కూడా నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషికి అన్నం కావాలా, పేరు కావాలా?

కౌన్సెలింగ్ గది కోర్టు వెనక భాగంలో, మరుగుదొడ్ల పక్కన. వరండాలో చేతులు కడుక్కునే తొట్టి ఒకటి, దాన్నిండా ఎవరెవరో ఉమ్మిన మరకలు. గదిలో ఒక బల్ల, దాని మీద ప్లాస్టిక్ పూలు, వాటి మీద దుమ్ము. గోడకి భార్యాభర్తలూ పిల్లలూ నవ్వుతున్న బొమ్మ. ఆ బొమ్మ కింద కుర్చీలో కూర్చుని బావ అగ్గిపుల్లతో చెవి తిప్పుకుంటున్నాడు. తీసి చూసుకున్నాడు. చూసుకుని మళ్ళీ పెట్టాడు.

మేడమ్ నడివయసు మనిషి, అలిసిపోయినట్టుంది గాని మాట మంచిది. తమ్ముణ్ణని చెబితే నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చింది. అక్క ఒకవైపు, బావ ఎదురుగా, మధ్యలో బల్ల. అక్క వీపు నావైపు.

"మీకు పని చేసుకోవడంలో ఇబ్బంది ఏమిటమ్మా?" అని అడిగింది మేడమ్.

అక్క పెదవి కదిపింది. మళ్ళీ అడిగితే, "చూపు కొంచెం..." అని ఆగింది.

బావ అగ్గిపుల్ల జేబులో పెట్టుకుని ముందుకు వంగాడు. "చెప్పలేకపోతోంది లెండి మేడమ్, నేను చెప్తాను. ఆవిడకి కాజా కుట్టడం రాదు."

మేడమ్ కాగితం తిప్పింది. "మంచి పనిమంతురాలని మీరే రాయించారు కదండీ?"

"అలా రాయించాను. పరువు కోసం. నిజం చెప్పమంటే, ఆవిడకి రాదు. ఇప్పుడని కాదు, ఏనాడూ రాలేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కుట్టినవన్నీ, ఆవిడ పడుకున్నాక నేను లేచి విప్పి మళ్ళీ కుట్టేవాణ్ణి. బాధపడుతుందని ఎప్పుడూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ అలా నెట్టుకొచ్చాను."

అబద్ధం. ఆయన ఒక్క కాజా కుట్టడం నేను చూడలేదు. అయినా అంత నెమ్మదిగా, అంత జాలిగా చెప్పాడంటే, నిజమేనేమో అని నాకే ఒక్క క్షణం అనిపించింది. అక్క వీపు నిటారుగా అయింది.

"ఎవరు విప్పారు?" అంది.

"నేనే."

"ఏ కోటువి?"

"ఒకటా రెండా? పోనీలే, ఇప్పుడు అవన్నీ ఎందుకు?" కాళ్ళ దగ్గరి సంచిలోంచి నల్ల కోటొకటి తీసి బల్ల మీద పడేశాడు. దాంతోపాటు సూది, దారపుండ, చిన్న కత్తెర. "ఇదిగో, డెలివరీకి వెళ్తూ వెళ్తూ తెచ్చాను. రాదంటే రాదని ఒప్పుకో, మేడమ్ రాసుకుంటారు. వస్తే ఒక్కటి కుట్టు."

అప్పుడు నాకు తెలిసింది. కాజాలే వెయ్యని కోటు డెలివరీకి వెళ్తుందా? దాంతో సూదీ దారం ఎవడైనా తెస్తాడా? ఇంటిదగ్గరే అనుకుని వచ్చాడు. కోర్టుని నమ్మలేదు, వకీల్ని నమ్మలేదు. తనతో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని ఎక్కడ పొడిస్తే లేస్తుందో తెలుసు, దాన్ని నమ్ముకుని వచ్చాడు. భార్యని అంత బాగా ఎరిగిన మొగుణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

"అక్కా, వద్దు," అన్నాను.

"నువ్వూరుకోరా," అంది.

మేడమ్ కూడా, "అవసరం లేదమ్మా, ఇది పరీక్ష కాదు," అంది. అక్క వినిపించుకోలేదు. దారం తెంపి, వేళ్ళ మధ్య పిండి, చివరని పెదవులతో తడిపింది. సూదిని కళ్ళ దాకా ఎత్తనే లేదు. దారపు కొస బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కనీ కనపడనంత బయటికి పెట్టి, సూది బెజ్జాన్ని దాని మీద రుద్దింది. ఎక్కేసింది. మేడమ్ కలం కింద పెట్టింది.

కోటు అంచు చేతిలోకి తీసుకుంది. వేలితో అంచు పొడుగునా ఒకసారి జారి, ఒకచోట ఆగి, కత్తెర పెట్టింది. అప్పుడు బావ నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. మళ్ళీ మూసేశాడు. కత్తెర గుడ్డలోకి దిగింది.

అక్క కుడుతోంది. వరండాలో ఎవరో గొంతు సవరించి తొట్టిలో ఉమ్మిన చప్పుడు, అక్క దారం లాగే చప్పుడు, అంతే. తల వంచలేదు ఆమె. ఎదురుగా గోడ మీది బొమ్మకేసి చూస్తూ కుట్టింది. ముడి, ముడి, ముడి. చివర అడ్డకుట్టు వేసి, దారం పంటితో తెంపి, సూదిని అలవాటుగా తన కొంగుకి గుచ్చుకుంది. కోటు మేడమ్ వైపు తోసింది.

మేడమ్ ఆ కాజా మీద వేలు పెట్టి చూసింది. "ఎంత బాగుందో," అంది. మాట జారినట్టు అంది.

"బాగుంటుంది," అన్నాడు బావ. వెనక్కి వాలాడు. గొంతులో జాలి లేదు ఇప్పుడు. "చూశారు కదా. నేనన్నది అబద్ధమని ఆవిడే రుజువు చేసింది. నేనే తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇలాంటి చెయ్యి ఉన్న మనిషి ఏ కొట్టుకి వెళ్ళినా కళ్ళకద్దుకుంటారు. ఇంక నా మీద పడి ఏడవడం దేనికండీ?"

అక్క మెడ నెమ్మదిగా ముందుకు వాలింది. ఇప్పుడు అర్థమైంది ఆమెకి. మేడమ్ కలం తీసుకుని, కాసేపు పట్టుకుని, రాయడం మొదలుపెట్టింది. రాయక ఏం చేస్తుంది, కళ్ళముందు జరిగింది కదా.

బావ లేచి కోటు తీసుకున్నాడు. తీసుకుని మడత పెట్టాడు. అక్కడే నా చూపు ఆగిపోయింది. తుండుగుడ్డ చుట్టినట్టు, ముందు భాగం లోపలికి పెట్టి గబగబా చుట్టేస్తున్నాడు. పెళ్ళాం చీరల్ని కూడా అంచులు కలిపి మడతపెట్టి మెట్ల మీద పడేసిన మనిషి. పొద్దున నేను కాలరు ఇస్త్రీ చేసిన కోటది. నలుగుతుందన్న చింత కూడా లేదు.

పొద్దున నేను ఇస్త్రీ చేసినప్పుడు ఆ కోటు ఎలా ఉందో అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో డాక్టరమ్మది.

"మేడమ్, ఆ కోటు ఒకసారి పరవమనండి," అన్నాను.

"నీకెందుకురా?" అన్నాడు బావ, నావైపు తిరక్కుండానే. "రేపు పనిలోకి రావాలని ఉందా లేదా?"

"లేదు."

అక్క వెనక్కి తిరిగింది. "ఏమిటిరా?"

నేను వెళ్ళి ఆయన చేతిలోంచి కోటు లాగి బల్ల మీద పరిచాను. ఆయన ఒక కొస వదల్లేదు. ఇద్దరం చెరోవైపూ పట్టుకుని నిలబడ్డాం. మేడమ్ "వదలండి" అంటే వదిలాడు.

"మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమవైపు ఉంటాయి మేడమ్, ఆడవాళ్ళ కోటుకి కుడివైపు. ఇది ఆడవాళ్ళ కోటు. మా అక్క జన్మంతా మగవాళ్ళ కోట్లే కుట్టింది. ఇక్కడ చూడండి."

కుడి అంచున మూడు తెల్ల గీతలు, సుద్దతో, వేలెడంతేసి పొడుగున. కాజాలు ఎక్కడ కుట్టాలో బావే గీసినవి. నల్ల గుడ్డ మీద తెల్ల సుద్ద. అక్క వీపు అడ్డం లేకుంటే గుమ్మం దగ్గర నిలబడ్డవాడికి కూడా కనపడతాయి. ఎడమ అంచున, గీతా గుర్తూ ఏమీ లేనిచోట, వంక పెట్టడానికి లేని కాజా ఒక్కటే ఉంది. కోటు పాడైపోయింది. గాటు పడిన గుడ్డ మళ్ళీ అతకదు.

మేడమ్ ఆ గీతల వంక చూసింది, ఆ కాజా వంక చూసింది. తర్వాత బావని అడిగింది. "మీరు ఎదురుగానే కూర్చున్నారు. ఆవిడ ఆ వైపు కత్తెర పెట్టినప్పుడు మీకు కనపడలేదా?"

"చూడలేదండీ."

"అంత ఖరీదైన గుడ్డ, మీ కొట్టు పని, చూడలేదా?"

"చూస్తూనే ఉన్నా... అంటే, ఆవిడ చేతులు అడ్డం..."

"మీరు నోరు తెరిచారు, నేను చూశాను. తుమ్ము వస్తోందనుకున్నాను."

బావ అగ్గిపుల్ల కోసం జేబు తడుముకున్నాడు. చెప్పి ఉంటే కోటు దక్కేది, భరణం నెత్తిన పడేది. కోటు పోయినా ఫరవాలేదనుకున్నాడు. ఒక్క రెప్పపాటులో ఆ బేరం తేల్చేసుకున్నాడు లోపల.

మేడమ్ అక్క పక్కకి కుర్చీ లాక్కుంది. "అమ్మా, గీతలు ఏ వైపున ఉన్నాయో చెప్పండి." అక్క చేతులు కోటు మీదకి వెళ్ళాయి. సుద్ద గరుకు వేలికి తెలుస్తుంది. "చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పండమ్మా," అంది మేడమ్, మెల్లగా.

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కోటు వంక చాలాసేపు చూసింది. మేం ముగ్గురం ఆమె వంక చూస్తున్నాం. ఒక మనిషిని అలా చూడటం కన్నా రోత ఇంకొకటి లేదు. అక్కని అక్కడికి తెచ్చి నిలబెట్టింది మాత్రం నేనే, బావ కాదు.

"కనపట్లేదు," అంది అక్క.

బయటికి వచ్చాక వరండాలో ఆ తొట్టి పక్కన నిలబడింది. "ఎలా ఉందిరా కాజా?" అంది.

"అక్కా..."

"అడిగింది చెప్పు."

"నీ చేతి పనే. వంక లేదు."

"వంక లేనిదాన్ని తప్పని పరిచి చూపించావు, ఆయన ముందు."

"చూపించకపోతే పిల్ల అక్కడికి పోయేది."

"నాకు తెలీదా?" అంది. "తెలిసే అడుగుతున్నా." గోడ పట్టుకుంటూ మెట్లు దిగిపోయింది. చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

అక్కకి భరణం, పిల్ల చదువు ఖర్చు, రెండూ ఇవ్వమని జడ్జిగారు చెప్పారు. పిల్ల తల్లి దగ్గరే ఉంది. నేను కొట్టు పని పోగొట్టుకుని ఒక ఆసుపత్రి లాండ్రీలో చేరాను. దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను. వాటి మరకల సంగతి చెప్పను గాని, కాలర్ల కన్నా నయం. అక్క నాతో మాట్లాడటం మానేసింది. వెళ్ళి కూర్చుంటే కూతురితో "మీ మావయ్యకి టీ ఇవ్వు" అంటుంది, అంతే.

భరణం మొదటి విడత వచ్చిన రోజు పిల్ల ఫోను చేసింది. "మావయ్యా, నాన్న ఏం పంపాడో చూద్దువుగాని రా."

వెళ్ళాను. డబ్బు తక్కువొచ్చింది. దాంతోపాటు ఒక కవరు. అందులో నల్ల కోటు ఎడమ ముందుభాగం, కుట్లు విప్పి విడదీసిన ముక్క, మధ్యలో అక్క కుట్టిన కాజా. దానికి గుండుసూదితో ఒక చీటీ: గుడ్డ పాడుచేసినందుకు ఖరీదు మినహాయించుకున్నాను, వస్తువు మీది కనుక పంపుతున్నాను.

కోర్టు వేసిన డబ్బులోంచి, తను చూస్తూ కోయించిన గుడ్డ ఖరీదు కోసుకున్నాడు. కోసుకుని, ఎంత నిజాయితీపరుణ్ణో చూడండని ముక్క పంపాడు. గుండుసూది మీద ఎండిన తెల్లటి పొర ఉంది. వేలితో ముట్టబుద్ధి కాలేదు. కాగితం ముక్కతో పట్టుకుని లాగాను.

"మా వకీలుకి చూపిద్దాం. కోర్టు మాట కాదని కోసుకోవడానికి వీల్లేదు," అన్నాను. "ఈ పీలిక అవతల పారేస్తాను, ఇలా ఇవ్వు."

"ముట్టుకోకు," అంది అక్క.

నాతోనే అంది. పిల్ల నా వంక చూసింది. అక్క ఆ ముక్క ఒళ్ళో వేసుకుని బొటనవేలితో కాజా చుట్టూ ఒకసారి తడిమింది. మొదట్నుంచి చివరి దాకా, ప్రతి ముడీ.

"విప్పలేదు," అంది. "కోటంతా విప్పాడు గాని దీన్ని విప్పలేదు చూడు."

"విప్పడం చేతనైతే కదా," అన్నాను.

నవ్వలేదు గాని, మూతి కొంచెం కదిలింది. కొంగు మడతలో వెతికి సూదొకటి తీసి పైకెత్తింది. "ఆ రోజుది. నాతోనే వచ్చేసింది. దీని ఖరీదు ఇంకా పట్టుకోలేదు."

"వచ్చే నెల పట్టుకుంటాడు," అంది పిల్ల.

"పట్టుకుంటాడు," అంది అక్క. తర్వాత నావైపు తిరిగి, "అలా చూస్తావేం? ఆయన నోట్లోని గుండుసూది లాగిన చెయ్యి. వెళ్ళి సబ్బుతో కడుక్కునిరా," అంది.

వెళ్ళి కడుక్కున్నాను. రెండుసార్లు కడుక్కున్నాను.